కెప్టెన్ల దీవిలో సోఫాల థనాసిస్

ఓడ ఇంకా రేవు దాటనేలేదు, థనాసిస్‌కు కడుపులో తిప్పడం మొదలైంది.

పిరేయస్ నగర పెన్షనర్ల సంఘం కెప్టెన్ల దీవికి వేసిన విహారయాత్ర అది. అందరూ ఫొటోలు దిగుతుంటే అతను కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. పక్కన సంఘంలోని స్టమాటా ఎండుద్రాక్ష రొట్టె తింటోంది.

“ఓ ముక్క తిను, కడుపు కుదుటపడుతుంది.”

“ఎండుద్రాక్ష నాకు పడదు స్టమాటా. ఒళ్లంతా దద్దుర్లొస్తాయి.”

“సముద్రం పడదు, ద్రాక్ష పడదు. అసలు గ్రీకువాడివేనా నువ్వు?”

అందరికంటే ముందు థనాసిసే నవ్వాడు. తనమీద తనే జోకులు వేసుకోవడం అతనికి ఏళ్లనాటి అలవాటు. ఇంకొకళ్లు వేసేలోగా వేసేసుకుంటే నొప్పి తక్కువ.

వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. అతను పుట్టింది ఆ దీవిలోనే. అక్కడ ఇంటికో కెప్టెన్. పిల్లులకు కూడా చుక్కాని తిప్పడం వచ్చంటారు. అలాంటి చోట పుట్టి, ఎక్కిన మొదటి ఓడ మొదటి రేవు చేరగానే దిగి పారిపోయి, నగరంలో సోఫాలు అమ్ముకున్న ఘనుడు తను. ఊళ్లో ఎవరైనా గుర్తుపడితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? అయినా చచ్చేలోగా ఒక్కసారి చూడాలనిపించింది. అందుకే నల్లకళ్లద్దాలు, చెవులదాకా టోపీ.

దిగీ దిగగానే ఒక ముసలాయన అడ్డం వచ్చాడు. “ఎవరి తాలూకు నువ్వు?”

“ఎవరి తాలూకూ కాదు, టూరిస్టుని,” అని, నావికుల విగ్రహం పాదాల దగ్గరే భళ్లున కక్కుకున్నాడు థనాసిస్. చర్చి మెట్లమీద నల్లబట్టల్లో ఒక ముసలావిడ అటే చూస్తూ నిలబడింది.

ఆ రోజు చర్చిలో, ఎప్పుడో మునిగిపోయిన ఓడవాళ్ల కోసం ప్రార్థన.

“మన యాకోవిస్ తన లైఫ్ జాకెట్ వంటవాడికిచ్చేసి తను మునిగిపోయాడు,” అన్నారు ఫాదర్. ఆ ఓడలోంచి ఒక్కరూ బతికి రాలేదు. మరి చూసిందెవరని ఊళ్లో ఎవరూ అడగలేదు.

స్టమాటా కళ్లు తుడుచుకుంది. “మగాడంటే అతనయ్యా.”

“నేనైతే వంటవాడిది కూడా లాక్కుని తొడుక్కునేవాణ్ణి,” అన్నాడు థనాసిస్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బయట గుమ్మం దగ్గర ఇందాకటి ముసలావిడే, యాకోవిస్ భార్య, అతని పేరున ఉడికించిన తీపి గోధుమలు కప్పుల్లో పంచుతోంది. పోయినవాళ్ల పేరున వండేవి అవి. కాదనకూడదు. అందరికీ చకచకా ఇచ్చేసింది. థనాసిస్ వంతు వచ్చేసరికి ఆగింది. కప్పు మీదికి వంగి, వేళ్లతో ఏదో ఏరడం మొదలుపెట్టింది. రాళ్లు కాబోలు, పెద్దావిడకి చూపు ఆనడం లేదేమో అనుకుని టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

ఆవిడ కప్పు అతని చేతిలో పెట్టింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

“ఎండుద్రాక్ష మొత్తం ఏరేశాను, తిను యాకోవిస్, ఇన్నేళ్లూ నీ పేరు చెప్పి ఊరంతా తిన్నారు.”