పైడితల్లి చేతిపట్టీ

అప్పడాల కేంద్రంలో చేతిపట్టీ మూడు నిమిషాలు కదలకపోతే గోడమీది యంత్రం మనిషిని పనిలోంచి తీసేస్తుంది. ఆ రోజు పైడితల్లికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. నాయకురాలు వరహాలమ్మ ఆమెను పిండి బస్తాల వెనక పడుకోబెట్టి, ఆమె పట్టీ తను కట్టుకుని, నడుం పడిపోయేదాకా అప్పడాలు ఒత్తింది.

సాయంత్రం యంత్రం మురిసిపోయింది. "అందరికన్నా చురుకు పైడితల్లే. రేపటినుంచి ఆమే నాయకురాలు. వరహాలమ్మ అప్పడాలు ఒత్తాలి."

పైడితల్లి హడలిపోయింది. "నిజం సెప్పేత్తానప్పా!"

"సెప్తే ఇద్దరం ఇంటికే." వరహాలమ్మ నడుం పట్టుకుని నిట్టూర్చింది. "నాయకురాలికి పట్టీ ఉండదే పిచ్చిమొకమా! జొరం తగ్గేదాకా ఆ కుర్చీలో కునుకు తియ్యి."

తరవాత, ఉన్న అప్పడాల కర్రల్లో తేలికైనదేదో ఏరుకోవడానికి వెళ్లింది.