గోరింక ఆఖరున అడిగిన మాట

వానలు దగ్గరపడ్డాయని వాగు ఒడ్డు అడవిలో ఏనుగు దుంగలు పోగుచేసింది. ఎవరి బొరియలోకి నీళ్లొస్తాయో కనుక్కొస్తే అక్కడ అడ్డుకట్ట వేద్దామని గోరింకను పంపింది.

గోరింకకు అన్నీ తెలుసుకోవాలని మహా సరదా. పైగా, వెళ్తూనే కష్టం సంగతి ఎత్తితే ఏం బాగుంటుందని ఆ ప్రశ్నను చివరికి ఉంచుకుంది. ముంగిస గుమ్మంలో వాలి, "అక్కా, ఏ పక్కకు తిరిగి పడుకుంటావు? తోక దువ్వుకుంటావా? పాములంటే భయమా?" అని మొదలెట్టింది.

"నన్ను చూస్తే వాటికే భయం!" అని ముంగిస మొదట్లో నవ్వుతూనే చెప్పింది.

పొద్దు వాలింది. లోపల పిల్లలు పాలకు ఏడుస్తున్నాయి. ప్రశ్నలు మాత్రం తెమలలేదు. పాపం, ముంగిస వినడం మానేసి, అడిగినదానికల్లా "ఏం లేదమ్మా, ఏం లేదు" అనసాగింది.

"ఇదే ఆఖరిది. వానొస్తే నీ ఇంట్లోకి నీళ్లొస్తాయా?"

"ఏం లేదమ్మా" అంటూనే ముంగిస లోపలికి పరుగెత్తింది.

ముంగిస ఇంట్లోకి నీళ్లు రావని గోరింక ఏనుగుకు చెప్పింది. అడ్డుకట్ట అవతలి ఒడ్డున లేచింది.

వాగు పొంగిన మర్నాడు గోరింక వచ్చేసరికి బొరియ లేదు. ముంగిస ఒకే ఒక్క పిల్లను పొదువుకుని బురదలో కూర్చుని ఉంది.

"అదేంటక్కా! నేను అడిగానుగా, చెప్పలేదేం?"

"అడిగావు తల్లీ. అప్పటికి నా చెవులు పిల్లల ఏడుపు మీదే ఉన్నాయి. వస్తూనే అదొక్కటీ అడిగుంటే చెప్పకుండా ఉంటానా?"

తిట్టినా బాగుండేది. గోరింక మిగిలిన ఆ ఒక్క పిల్లనూ రెక్క కింద కప్పుకుంది.