మసక బొమ్మ

ఓబులేష్ పాత టీవీని రెండు చేతులా ఎత్తుకుని గడప దాటబోతుంటే జైనాబ్ బీ వాకిలికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"దాన్ని యాడికీ తీసకపోవద్దు. ఆడనే పెట్టు" అంది.

పత్తికొండలో డిష్షులు బిగించేది ఓబులేషే. ఈ ఇంటికి కొత్త టీవీ బిగించిందీ అతనే. పాతది తీసుకుపొమ్మని పిలిచిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి, ఏం చెయ్యమంటావన్నట్టు అటు చూశాడు.

ఆమె మొగుడు మీరా హుస్సేన్ పరుపులు కుట్టే మనిషి. చిరిగిన బనీను మార్చుకోమన్నా ఇంకో నెల గడవనీ అంటాడు. అలాంటి వాడు ఎవరికీ చెప్పకుండా కర్నూలు పోయి, సగం గోడంత ఫోర్‌కే టీవీ తెచ్చాడు. భార్య సాయంత్రాలు సీరియల్ చూస్తుంది, బాగా చూసుకోనీ అన్నాడు. వారం తిరక్కుండానే ఆమె పాతదే కావాలంటోంది.

కొత్తదాంట్లో బొమ్మ ఎంత తేటగా ఉందో మళ్లీ చెప్పాడు. చీర అంచున జరీ పోగులు కూడా విడివిడిగా కనపడుతున్నాయన్నాడు.

"జరీ పోగులు నేనేం చేసుకోను? పాతదాంట్లోనే బాగుండె."

ఓబులేష్ టీవీని కింద దించాడు. లోపం చానల్లో ఉందేమోనని మామూలుది తీసి హెచ్‌డీది పెట్టాడు. ఆమెను దగ్గరగా కూర్చోబెట్టి చూపించాడు, వెనక్కి జరిపి చూపించాడు. చివరికి తనకు తోచింది తాను చెప్పేశాడు.

"ఇంత చిన్న ఇంట్లో, ఇంత దూరం నుంచి చూస్తే దానికీ దీనికీ శానా తేడా ఏం ఉండదు మామా. బొమ్మ పెద్దదైంది, అంతే."

"తేడా ఉండాది" అన్నారు మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకేసారి.

ఓబులేష్ నవ్వాడు. వాళ్లిద్దరూ నవ్వలేదు.

మీరా హుస్సేన్‌కు భార్య కళ్ల మీద అనుమానం వచ్చింది. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదామన్నాడు. ఆమె కూర్చున్న చోటి నుంచే ఎదురుగోడకున్న క్యాలెండరు మీద సన్నక్షరాలు గడగడా చదివి వినిపించింది. కళ్లు కాకపోతే మరేమిటని అడిగాడు. ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది.

చెప్పగలిగితే మొదటి రోజే చెప్పేది. ఆ సీరియల్లో ఒక డ్రైవరు ఉన్నాడు. పెద్ద వేషమేం కాదు. కారు తలుపు తీసి పట్టుకుంటాడు, సరేనమ్మా అంటాడు, పోతాడు. కానీ పాత టీవీలో వాడు అచ్చం నిస్సార్. మెడ కాస్త పక్కకు వాల్చి నిలబడడం, నవ్వబోయి ఆపుకోవడం, అన్నీ వాడివే. నిరుడు దర్గా ఉరుసుకు ముందు జ్వరంతో పోయిన కొడుకు టీవీలోకి ఎట్లా వస్తాడు? ఆ మాత్రం ఆమెకు తెలుసు. తెలిసే రోజూ దీపాలు పెట్టే వేళకు చాప వేసుకుని కూర్చునేది.

కొత్త టీవీ బిగించిన సాయంత్రం కారు తలుపు తీసింది ఎవరో పరాయి పిల్లవాడు. గడ్డం మీద పుట్టుమచ్చ, పౌడరు కింద మొటిమల గుంతలు, పిల్లి కళ్లు. ఎవరి కన్నబిడ్డో. తన బిడ్డ మాత్రం కాదు.

ఈ మాట మొగుడితో అనడం ఎట్లా? కొడుకు పోయినప్పటి నుంచి ఆయన ఆ పేరు ఎత్తలేదు. ఎవరో చుట్టం పొరపాటున ఎత్తితే, అన్నం ముందు నుంచి లేచి అంగట్లోకి వెళ్లిపోయాడు. సీరియల్ వస్తున్నంతసేపూ తల దించుకుని దిండ్ల గలేబులు కుట్టుకునే మనిషి. ఆయనకు ఆ డ్రైవరు మొహం కూడా తెలిసి ఉండదు.

"సరే, రెండూ పెట్టి చూద్దాం. ఏది బాగుంటే అదే ఉంటాది" అన్నాడు మీరా హుస్సేన్.

ఓబులేష్ పాత టీవీని స్టూలు మీద పెట్టి, సంచిలోని బాక్సు తీసి తగిలించాడు. సీరియల్ మొదలయింది. గోడ మీదొకటి, దాని కింద స్టూలు మీదొకటి. కాసేపటికి కారొచ్చి ఆగింది. గోడ మీద పరాయి పిల్లవాడు దిగాడు. స్టూలు మీద నిస్సార్ దిగాడు.

జైనాబ్ బీ తనకు తెలియకుండానే స్టూలు వైపు జరిగింది. ఆమె చెంపలు తడవడం చూసి ఓబులేష్, డిష్షు సరిగా ఉందో లేదో చూసొస్తానని మిద్దె మీదికి వెళ్లిపోయాడు.

"దాంట్లో ఏముండాది? నాకు చెప్పగూడదా?" అన్నాడు మీరా హుస్సేన్ నెమ్మదిగా.

ఇంక దాచలేకపోయింది.

"ఆ డ్రైవరు పిల్లోడు... దీంట్లో మన నిస్సార్ మాదిరి ఉంటాడు. దాంట్లో ఉండడు."

ఆయన లేచి వెళ్లిపోతాడని తల వంచుకుంది. అడుగుల చప్పుడు వినపడలేదు. తలెత్తి చూస్తే గోడ మీది టీవీ ఆరిపోయి ఉంది. మీరా హుస్సేన్ రిమోటు పక్కన పెట్టి, వచ్చి ఆమె చాప మీదే కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలుతో పాత టీవీ అద్దాన్ని పైనుంచి కిందికి తుడిచాడు.

"వాడు ఇంగా తేటగా కనపడతాడేమోననే గదా," అన్నాడు, "అది కొనుక్కొచ్చింది."