పొదలో కదలిక

"గీయనకు తుపాకెందుకు సార్? గిలక్కాయ ఇయ్యుండ్రి!"

పంజాగుట్ట అటవీశాఖ ఆఫీసులో సారయ్య ఫిర్యాదు కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

పక్కనే నిలబడ్డ కామరాజు తల దించుకున్నాడు.

అడవి పందులు సారయ్య మక్కచేను సగం మేసేశాయి. సర్పంచ్ అనుమతి రాసిస్తే, అటవీశాఖ జాబితాలో ఉన్న షూటర్ కామరాజు పట్నం నుంచి వాళ్ల ఊరికి వచ్చాడు.

"అసలేం జరిగింది?" అన్నాడు అధికారి.

"తెల్లారగట్ల చేను గట్టు మీద పొద కదిలింది సార్. కొట్టు కొట్టు అన్న. గీయన తుపాకీ దించి, నన్ను మంచె మీదనే ఉండుమని, ఒక్కడే పొదలకు పోయిండు. జర సేపటికొచ్చి ఏం లేదన్నడు. మర్నాడు పందులొచ్చి మిగిలిన చేను సుత ఊడ్చుకపోయినయ్."

"ఎందుకు కాల్చలేదయ్యా?"

"జంతువు నిలువెల్లా కనబడితేనే కాల్చాలండి. అది రూలు."

"రూలంట! పంది బయటికొచ్చి నీకు దండం పెడ్తదా?"

"మరి పొదలోకి వెళ్లి చూశావుగా, ఏముంది?"

కామరాజు ఒక్క క్షణం సారయ్య ముఖంలోకి చూశాడు.

"తప్పు నాదేనండి" అన్నాడు.

అధికారి జాబితాలో అతని పేరు కొట్టేశాడు. పద్దెనిమిదేళ్లుగా ఉన్న పేరు.

సారయ్య గెలిచిన సంబరంతో అమీర్‌పేట హాస్టల్‌కు పోయాడు. అక్కడ కొడుకు మహేశ్, కానిస్టేబుల్‌గా ఎంపికై ఆర్డర్ కోసం ఎదురుచూస్తున్నాడు.

"గా పిరికోని పేరు తీసేయించిన కొడుకా!"

మహేశ్ ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేసినవ్ బాపూ! మళ్ల పోయి చెప్పు, తప్పైందని చెప్పు!"

"నీకేమైందిరా?"

"ఆ తెల్లారగట్ల నేను ఊర్లనే ఉన్న."

"నువ్వా? నాకు చెప్పకుంటనా?"

"పందులకు ఉచ్చు పెట్టనీకొచ్చిన. చెప్తే తిడ్తవని చెప్పలే. ఆయన చూసిండు."

సారయ్య మంచం పట్టె పట్టుకొని కూలబడ్డాడు.

"ఉచ్చు పీకిపిచ్చిండు బాపూ. నేనెవరో, నా నౌకరేందో అడిగి, 'కేసైతే నీ ఉద్యోగం పోతుంది బాబూ, వెళ్లి బస్సెక్కు. మీ నాన్నగారికి కూడా చెప్పను' అన్నడు."



"నిన్ను... యాడ చూసిండురా?"

మహేశ్ తండ్రి కళ్లలోకి చూడలేకపోయాడు.

"నువ్వు కొట్టుమన్న పొదలనే, బాపూ."