మరమనిషి వేషం

"తవిటయ్య కూతురు రోకలెత్తితే నాను పడిపోవాలేటి?"

జగ్గారావు నాటకం కాగితాల్ని తన క్వార్టరు వరండాలోని బల్లమీదికి విసిరాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్. తవిటయ్య ఆయన కింద ఖలాసీ; ఆ నాటకంలో తల్లి వేషం అతని కూతురిది. ఫోర్‌మన్‌ని స్టేజీ మీదైనా సరే, పడగొట్టే మొనగాడు ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో ఇంతవరకూ పుట్టలేదు. రావణుడి వేషం వేసిన ఏడు కూడా ఆయన చావలేదు. రాముడే దండం పెట్టి తెర వెనక్కి పోయాడు.

ఎదురుగా చేతులు కట్టుకు నిలబడ్డ ఆర్థర్ ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరు. మొదటిసారి నాటకం రాశాడు. సాయంత్రమే ప్రదర్శన. హాలు తాళంచెవి మాత్రం నాటక సంఘం ప్రెసిడెంటు జేబులో ఉంది. ఆ ప్రెసిడెంటూ జగ్గారావే.

"అది కాదండి. రాబోయే కాలంలో మిషన్లకీ మనుషులకీ యుద్ధమండి. మనుషుల నాయకుణ్ణి గెలవలేక, ఆడు పుట్టకముందే ఆళ్ళమ్మని సంపెయ్యమని మిషన్లు ఒక మరమనిషిని ఎనకటి కాలానికి పంపుతాయండి. ఆ మరమనిషి మీరే. ఆవిడేమో రోకలితో..."

"ఆపెహె! వీడియో హాల్లో ఇంగిలీసు సినిమాలకి బెంచీలరగదీసి రాసినావా? కాలాన్నే ఎనక్కి తిప్పినోళ్ళకి ఆపాటి బుర్ర లేదేటి? ఆడది పెరిగి పెద్దదై రోకలి పట్టినాక ఎందుకెల్లాలి? ఉయ్యాల్లో ఉన్నప్పుడే ఎల్తే పనైపోదేటి?"

"అప్పుడు మీరే గెలిసేస్తారండి."

"గెలిస్తే నీకేటి నొప్పి? గాడిదలు కాసుకునే మొహానివి, మిషన్లకి నువ్వు తెలివి సెప్తావా?"

ఆర్థర్‌కి ఒళ్ళు మండిపోయింది. షిఫ్టు దిగి, తిండి కూడా సరిగా తినకుండా రాసుకున్న నాటకం. కానీ తాళంచెవి లేకపోతే నాటకమే లేదు. కోపం దిగమింగి తల వంచుకున్నాడు.

"మీరు సెప్పినట్టే మార్సేస్తానండి. ఉయ్యాల్లోనే."

"రోకలి?"

"తీసేసినానండి."

"నాను పడిపోడం?"

"మిమ్మల్ని ముట్టుకునేవోడే ఉండడండి."

"ఠీక్ హై! ఇదీ కతంటే." జగ్గారావు మీసం దువ్వుకుని, కుక్కకి బిస్కెట్టు వేసినట్టు తాళంచెవి విసిరాడు. "ఏషం కట్టే టయానికి కబురెట్టు. నన్ను సూడ్డానికి నిమ్‌పురా నుంచి మా బావమరుదులు ఒస్తన్నారు."

ఆర్థర్ తాళంచెవి జేబులో వేసుకుని, గేటు దాటాక వెనక్కి తిరిగాడు.

"కబురెందుకండి? తల్లి ఉయ్యాల్లోనే పోతే కొడుకు పుట్టడు. కొడుకు పుట్టకపోతే మిషన్లకి శత్రువే లేడు. శత్రువే లేనప్పుడు మరమనిషిని పంపే పనేటండి? మీకు ముందు వరసలో కుర్చీ ఏయిస్తాను, మీ బావమరుదుల పక్కనే!"