నే అంటే అవును

మా మండలంలో కొరియా భాషే చెల్లుబాటు అయ్యాక, చేను కావాలంటే కొరియా కంపెనీవాళ్లు రావడం లేదు. చక్రాల పెట్టె వస్తుంది. అడుగుతుంది, విన్నదాంట్లో కొరియా అవును, కాదు మాత్రమే ఏరి రాసుకుంటుంది. పక్కచేను ఓబిలేసు "నే నియ్యను పో" అని అరిచాడు. కొరియాలో 'నే' అంటే అవును. మరునాడే అతని చేనికి కంచె పడింది.

అందుకే మనవరాలు లిఖిత నాకు పాఠం పెట్టింది.

"తాతా, కాదు అనేదానికి 'అనియో'. తల వంచి చెప్పాల."

"నా చేను లాక్కునేదానికి తల వంచాల్నా మే?"

"అది మర్యాద. ఉత్త 'అని' అంటే చిన్నపిల్లోళ్లతో మాట్లాడినట్టు."

"ఉత్త 'అని' అన్నా కాదనేనా?"

"కాదనే."

పొద్దున్నే పెట్టె వచ్చి శెనక్కాయ చెట్ల మీదే నిలబడి, చేను ఇస్తావా అని కొరియాలో అడిగింది. 'నే' నాలుక కొసదాకా వచ్చింది. మింగేశాను. తల మాత్రం వంచలేదు.

"అని! మా నాయన చేను అని, నీకు దక్కదు అని, పో అని!"

పెట్టె మీద ఎర్రదీపం నాలుగుసార్లు వెలిగింది.

"నాలుగుసార్లు కాదని రాసుకునింది తాతా," లిఖిత నవ్వింది. "ఒక్కదాంట్లోనూ మర్యాద లేదు."

"ముందు నా చెట్లు తొక్కకుండా పొమ్మను మే. మర్యాద తర్వాత చూస్తాం."