కాగితం లేని ప్రింటర్

కంప్యూటర్ తెరమీద మొదటి పేజీలో తన భర్త దాలయ్య పేరు ఒక్కో అక్షరమే మాయమైపోవడం రోజారమణి టీ గ్లాసు పట్టుకుని వెనకనుంచి చూసింది. పేరంతా పోయాక ఆ ఖాళీలో జగ్గారావు తన పేరు కొట్టుకున్నాడు, ఇంటిపేరుతో సహా.

"అదేటన్నియ్యా?" అంది.

జగ్గారావు ఉలిక్కిపడలేదు. చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. బిస్కెట్టు టీలో ముంచి తిని, తడి వేళ్ళు కుర్చీకి వేలాడుతున్న తువ్వాలుకి తుడుచుకున్నాడు. అది దాలయ్య తువ్వాలు. కుర్చీ కూడా దాలయ్యదే. అక్షరాలు ఆనడం లేదంటూ అతను పెట్టుకున్న కళ్ళజోడూ దాలయ్యదే. ఆ అద్దాల వెనక ఇంకొకరి కళ్ళు కదులుతుంటే ఆమె చూపు తిప్పుకుంది.

తెరమీద ఉన్నవి క్రేన్ నడిపేవాళ్ళకి దాలయ్య రాసిన పాఠాలు. కూర్మన్నపాలెం ట్రైనింగు సెంటర్లో అతనూ జగ్గారావూ కలిసి పనిచేశారు. ఇంగ్లీషు రాని కుర్రాళ్ళ కోసం దాలయ్య ఇంటికొచ్చాక ఈ కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగులో టైపు చేసేవాడు. పుస్తకం పూర్తయింది. మనిషి పోయాడు. పరవాడలో ఓ కంపెనీ తమ కుర్రాళ్ళకి ఆ పుస్తకం ఇస్తామంది, పీడీఎఫ్ చేసి పంపమంది. అది ఆమెకు చేతకాదు. దాలయ్యతో ఒకరినొకరు బావా బావా అని పిలుచుకుంటూ తిరిగిన మనిషే కదా అని జగ్గారావుని పిలిచింది.

"సచ్చిపోయినోడి పేరెడితే కంపెనీవోళ్ళు ఒప్పుకోరు సెల్లెమ్మా. రేపు సందేహమొత్తే ఎవుల్ని అడుగుతారు?"

అలా అని కంపెనీవాళ్ళు తనతో అనలేదంది ఆమె. ఆడవాళ్ళతో అనరన్నాడు అతను. ఇంతలో ముందుమాట కూడా కొట్టడం మొదలుపెట్టాడు. ఈ పుస్తకం తన నిద్రలేని రాత్రుల ఫలితమట. నిద్రలేని రాత్రులు ఎవరివో రోజారమణికి తెలుసు. ఆ రాత్రుల్లో లైటు ఆర్పమని విసుక్కున్నది తనే.

దాలయ్యకి అంకితం ఇస్తానన్నాడు. ఫొటో కూడా పెడతానన్నాడు. పెట్టి చూశాడు. పేజీ బరువుగా ఉందని ఫొటో తీసేశాడు. తర్వాత అంకితం ఒక్కటే ఉంటే బాగాలేదని అదీ తీసేశాడు.

"ఆయన పేరు ఓ మూలైనా ఉండనీ అన్నియ్యా," అంది రోజారమణి. అడుక్కుంటున్నట్టు వినిపించిన తన గొంతు మీద ఆమెకే ఏవగింపు కలిగింది.

"మూలెందుకు సెల్లెమ్మా? బావని గుండెల్లో ఎట్టుకున్నాం గదా."

గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాడు. చొక్కా మీద బిస్కెట్టు పొడి రాలింది.

లేవమందామని ఆమె నోటిదాకా వచ్చింది. అది కనిపెట్టినట్టు, తను ఇప్పుడు లేచిపోతే ఈ పాఠాలు ఈ పెట్టెలోనే ఉండిపోతాయన్నాడు జగ్గారావు. కుర్రాళ్ళు చదవాలన్నదే కదా బావ కోరిక అన్నాడు. ఆమె ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

అతను ప్రింటు నొక్కాడు. ప్రింటర్ల జాబితా తెరుచుకుంది. అందులో ఒకదాని పేరు దాలయ్య.

"బావ దీనికి పేరు కూడా ఎట్టీసేడు," అని నవ్వాడు.

కాగితం లేని ప్రింటర్ అనేవాడు దాన్ని దాలయ్య. ప్రింటు కొడితే కాగితానికి బదులు పీడీఎఫ్ ఫైలు వస్తుందని చెప్పి, ఆసుపత్రిలో చేరబోయే ముందు కంప్యూటర్లో పెట్టుకున్నాడు. పాఠాలు ఫోన్లో ఒకరి నుంచి ఒకరికి పోతుంటే రాసింది మీరని ఎవరికి తెలుస్తుందని ఆమె ఆరోజు గొణిగింది. దాలయ్య నవ్వి, ఆ ప్రింటర్‌కి తన పేరు పెట్టి చూపించాడు. పేరు పెట్టుకోవడానికి చివరికి అదొక్కటే మిగిలింది అనుకుంది ఇప్పుడు.

జగ్గారావు దాని మీదే నొక్కాడు. తెరమీద పచ్చగీత ఒకటి కొసదాకా పాకి ఆగింది.

"అయిపోనాది. ఇంకెవుడూ అచ్చరం కదపనేడు," అన్నాడు.

ఫైలు తెరిచి చూసుకోలేదు. దాలయ్య రాస్తున్న రోజుల్లో కూడా ఆ పాఠాలు అతను ఏనాడూ తిరగేసి ఎరగడు. అక్కణ్ణుంచే కంపెనీకి పంపాడు. తన ఫోనుకి పంపుకుని, ట్రైనింగు సెంటర్ పాత విద్యార్థుల గ్రూపులో కూడా పెట్టాడు. నా పుస్తకం, ఆశీర్వదించండి అని కింద రాశాడు. కళ్ళజోడు తీసి కీబోర్డు మీద పడేసి, మిగిలిన బిస్కెట్లు జేబులో వేసుకుని, చెప్పుల కోసం గుమ్మం దగ్గరికి నడిచాడు.

రోజారమణి కళ్ళజోడు తీసుకుని పంపు కింద పెట్టి కడిగింది. ఎంత కడిగినా అతని వేలిముద్రలు ఉన్నట్టే అనిపించింది.

అలమారలో దాలయ్య ఫోను మోగింది. దాన్ని ఆమె ఇంకా ఆపలేదు. ఆ గ్రూపులో అతని నెంబరు ఇంకా ఉంది. చేతులు తుడుచుకుని తెరిచింది. మొదటి పేజీ నిండా జగ్గారావు పేరు. ఫోను పక్కన పడెయ్యబోయి ఆగింది. పేజీ అడుగున, ఓ మూలగా, ఇందాక తెరమీద లేని ఎర్ర అక్షరాలు కొన్ని ఉన్నాయి. రెండో పేజీలోనూ ఉన్నాయి. మూడో పేజీలోనూ. దాలయ్య ప్రింటర్ తనలోంచి వెళ్ళిన ప్రతి పేజీకీ ఒకే ముద్ర కొట్టి పంపింది.

"ఈ పాఠాలు దాలయ్యయి. ఎంతమందికైనా ఇయ్యి బావా. పేరు మాత్రం సెరపకు."